ఇంగ్లీషు సాహిత్యం మనది కాదని ఎవరు చెప్పారు?



పదో తరగతికి వచ్చినామంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "ఏ గ్రూపు తీసుకుంటావు?" సైన్సు అంటే సంతోషంగా తల ఊపుతారు. కామర్సు అంటే "సరే, బ్యాంకు పరీక్షలు రాయొచ్చు" అంటారు. ఎవరైనా ధైర్యం చేసి "నేను యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం, దానితోపాటు తులనాత్మక సాహిత్యం చదవాలనుకుంటున్నాను" అని చెప్పి చూడండి. మొదట నవ్వుతారు. ఆ తరువాత మూడు మాటలు అంటారు.

మొదటి మాట: "తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం యాడ వస్తుంది?" రెండో మాట: "అది చదివితే ఉద్యోగం యాడుంది?" మూడో మాట: "ఇంగ్లీషు చదివితే తెలుగు మరిచిపోతారు."

ఈ మూడు మాటలూ తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. అంతే కాదు, ఇంకో మెట్టు ఎక్కి చెప్తాను. సాహిత్యం మీద ఇష్టం ఉన్న హోసూరు, కృష్ణగిరి పిల్లలకు ఈ చదువుకు కావలసిన పునాది పుట్టుకతోనే ఉంది. ఆ పునాదిని మనమే లోపం అనుకుంటున్నాం. అదే నా బాధ, అదే నా వాదన.

ముందుగా తులనాత్మక సాహిత్యం అంటే ఏమిటో చెప్పుకోవాలి. పేరు పెద్దది కానీ విషయం మనకు తెలిసిందే. తుల అంటే త్రాసు. ఒక భాషలోని రచనను ఇంకో భాషలోని రచన పక్కన పెట్టి చూడటమే ఈ చదువు. ఏది గొప్ప, ఏది తక్కువ అని మార్కులు వేయడానికి కాదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడు, విడిగా చదివితే కనపడని సంగతులు కనపడతాయి. అందుకు.

మనకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. తెలుగు క్లాసులో వేమన పద్యాలు చదువుతాం. తమిళం క్లాసులో తిరుక్కురళ్ చదువుతాం. కన్నడం మాట్లాడే స్నేహితుల ఇంటికి పోతే సర్వజ్ఞుడి వచనాలు వినపడతాయి. ముగ్గురూ నీతి చెప్పినవాళ్ళే. వళ్ళువర్ రెండు పాదాల్లో చెప్పాడు, మొత్తం ఏడు పదాలు. సర్వజ్ఞుడు త్రిపదిలో, అంటే మూడు పాదాల్లో చెప్పాడు. వేమన ఆటవెలదిలో, అంటే నాలుగు పాదాల్లో చెప్పాడు. రెండు, మూడు, నాలుగు! ఇది ఏ పుస్తకంలోనూ వెతకనక్కరలేదు. మూడు పద్యాలు ఒక కాగితం మీద రాసుకుంటే కంటికే కనపడుతుంది.

ఇంకొంచెం చూడండి. వేమన తన పద్యం చివర తన పేరు చెప్పుకుంటాడు. సర్వజ్ఞుడూ చివర తన పేరు చెప్పుకుంటాడు. వళ్ళువర్ మాత్రం 1330 కురళ్‌లలో ఒక్క చోట కూడా తన పేరు పెట్టుకోలేదు. ఎందుకు? తిరుక్కురళ్ 133 అధికారాలుగా, ఒక్కో అధికారానికి పది చొప్పున, లెక్కగా కట్టిన పుస్తకం. వేమన, సర్వజ్ఞుల పద్యాలు జనం నోళ్ళ మీద ఊరూరా తిరిగినవి. పుస్తకంలో కూర్చున్న పద్యానికి పేరు అక్కరలేదేమో, దారిలో నడిచే పద్యానికి పేరు కావాలేమో అని నాకు అనిపిస్తుంది. నేను అనుకున్నది సరి కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న పుట్టింది మూడింటినీ పక్కపక్కన పెట్టినందువల్లే కదా! వేమనను మాత్రమే బట్టీ పట్టి పరీక్ష రాస్తే ఈ ప్రశ్న ఎన్నటికీ పుట్టదు.

ఇప్పుడు ఇంగ్లీషును కూడా ఈ వరుసలో కూర్చోబెట్టండి. పద్దెనిమిదో శతాబ్దంలో అలెగ్జాండర్ పోప్ అనే ఇంగ్లీషు కవి రెండేసి పాదాల జంటల్లో నీతులు, ఎత్తిపొడుపులు రాశాడు. వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ ఇంగ్లీషులోకి మార్చి 1829లో అచ్చు వేయించాడు. తిరుక్కురళ్‌ను జి.యు. పోప్ 1886లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇద్దరు పోప్‌లూ వేరు వేరు మనుషులు, కలపకండి! ఈ అనువాదాల్లో ఏమి మిగిలింది, ఏమి జారిపోయింది అని చెప్పగలిగేది ఎవరు? ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్ళు చెప్పలేరు. తెలుగు ఒక్కటే వచ్చినవాళ్ళూ చెప్పలేరు. రెండూ తెలిసినవాళ్ళే చెప్పగలరు. అంటే మనం.

రాజకీయాల్లో కూడా ఈ ముగ్గురు కవుల కథ ఒకటి ఉంది. బెంగళూరు అలసూరులో తిరువళ్ళువర్ విగ్రహాన్ని పెట్టి, భాషల గొడవ వల్ల తెరవకుండా పద్దెనిమిది సంవత్సరాలు గుడ్డ కప్పి ఉంచారు. చివరికి 2009 ఆగస్టు 9న దాన్ని తెరిచారు. నాలుగు రోజులకు, ఆగస్టు 13న, చెన్నై అయనావరంలో సర్వజ్ఞుడి విగ్రహం తెరిచారు. ఈ కవి మావాడు, ఆ కవి మీవాడు అని పంచుకుంటే ఎట్లా ఉంటుందో ఆ గుడ్డ చెప్తుంది. పక్క భాష కవిని చదివే అలవాటు జనంలో ఉండి ఉంటే పద్దెనిమిది సంవత్సరాలు పట్టేదా? తులనాత్మక సాహిత్యం యూనివర్సిటీ గదుల్లో కూర్చునేవాళ్ళ కాలక్షేపం అనుకునేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. "తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం ఎట్ల వస్తుంది?"

ఇంగ్లీషు సాహిత్యం అంటే గబగబా ఇంగ్లీషు మాట్లాడటం అనుకునేవాళ్ళే ఈ మాట అంటారు. స్పోకెన్ ఇంగ్లీషు వేరు, సాహిత్యం వేరు. మాట్లాడటం ఆరు నెలల్లోనో సంవత్సరంలోనో అభ్యాసంతో వస్తుంది. ఒక మాట ఇక్కడ ఎందుకు పడింది, ఈ మాట తీసేసి ఇంకోటి పెడితే ఏమవుతుంది అని ఆగి చూసే బుద్ధి వేరు. ఆ బుద్ధి మనకు రోజూ బతుకులోనే పదును పడుతూ ఉంది.

ఎట్లాగంటే, "అవసరం" అనే మాట తీసుకోండి. తెలుగులో అవసరం అంటే కావలసింది. తమిళంలో "అవసరం" అంటే తొందర. కన్నడంలో "అవసర" అన్నా తొందరే. సంస్కృతంలో దానికి సమయం, సందర్భం అని అర్థం. ఒకే మాట నాలుగు ఇళ్ళల్లో మూడు పనులు చేస్తా ఉంది! హోసూరు బస్టాండులో ఎవరైనా "అవసరం" అంటే, ఆ మనిషి ఏ భాషలో అన్నాడో చూసుకుని మనం అర్థం చేసుకుంటాం. దీన్ని ఎవరూ మనకు నేర్పలేదు. నగరంలో ఒక్క ఇంగ్లీషులోనే పెరిగిన పిల్లవాడికి ఇది కొత్తగా నేర్పాలి. మరి ఈ చదువుకు ఎవరు వెనకబడినవాళ్ళు?

మన ఏటి సంగతి చూడండి. నంది కొండల వైపు పుట్టి, కెలవరపల్లి ఆనకట్ట మీదుగా, కృష్ణగిరి ఆనకట్ట మీదుగా పోయే ఏరు. కన్నడం వాళ్ళు దక్షిణ పినాకిని అంటారు. తమిళంలో తెన్పెణ్ణై. "తెన్" అంటే దక్షిణమే. ఆ కొండల వైపే పుట్టిన ఉత్తర పినాకిని నెల్లూరు దాకా పోతుంది, దాన్ని తెలుగువాళ్ళు పెన్నా అంటారు. పేర్లు మారాయి, నీళ్ళు మారలేదు. ఒక భాషలో నుంచి ఇంకో భాషలోకి కథలు పోయేదీ ఇట్లాగే. పోయిన చోట ఆ మట్టి రంగు కలుస్తుంది.

రామాయణాన్నే చూడండి. వాల్మీకిలో రావణుడు సీతమ్మను చేతులతో పట్టుకుని ఎత్తుకుపోతాడు. తమిళ కంబరామాయణంలో ఆమెను ముట్టుకోకుండా, పర్ణశాల ఉన్న నేలతో సహా పెకలించి తీసుకుపోతాడు. కంబన్ ఎందుకు మార్చాడు? వాల్మీకిలో ఊర్మిళ గురించి ఎంతో లేదు. మన తెలుగు ఆడవాళ్ళు పాడుకున్న పాటలో మాత్రం ఊర్మిళాదేవి నిద్ర ఒక పెద్ద కథ. ఆడవాళ్ళే ఎందుకు ఆ కథ పాడుకున్నారు? ఇవి భక్తి తక్కువై అడిగే ప్రశ్నలు కావు. కథను ప్రేమించి అడిగే ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు అడిగిన ఒక పెద్దమనిషి మన పక్క ఊరివాడే. హోసూరు దగ్గర తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ. హోసూరులోనే బడి చదువు, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పై చదువు. ఆయన దేశానికి గవర్నర్ జనరల్ అయ్యాడని మనకు చెప్తారు. ఆయన తమిళంలో రామాయణం చెప్పిన "చక్రవర్తి తిరుమగన్" పుస్తకానికి 1958లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని తక్కువగా చెప్తారు. రామాయణాన్ని ఇంగ్లీషులో కూడా చెప్పి, వాల్మీకి ఎట్లా చెప్పాడు, కంబన్ ఎట్లా మార్చాడు, తులసీదాసు ఏమన్నాడు అని మధ్య మధ్యలో పోల్చి చూపించాడు. తిరుక్కురళ్‌ను ఇంగ్లీషులోకి మార్చాడు. తొరపల్లి నుంచి వచ్చిన పిల్లవాడు ఆ పని చేయగలిగితే, బాగలూరు, బేరికె, సూలగిరి, తళి, వేపనపల్లి నుంచి వచ్చే పిల్లలు ఎందుకు చేయలేరు?

సరిహద్దుకు అవతలి పక్కన కూడా ఒకరు ఉన్నారు. మాలూరు తాలూకాలో 1891లో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్. ఇంట్లో తమిళం, ఊళ్ళో కన్నడం, మద్రాసులో ఇంగ్లీషు ఎం.ఏ. చివరికి రాసింది కన్నడంలో. 1983లో జ్ఞానపీఠ అవార్డు ఆయనకే వచ్చింది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష ఉంటే పిల్లల బుర్ర పాడవుతుందని అనేవాళ్ళకు మాస్తి గారి పేరు చెప్పండి.

ఇంగ్లీషు సాహిత్యం ఇంగ్లీషువాళ్ళ సొంత ఆస్తి, మనం దూరం నుంచి చూడాలి అనే భయం కూడా కొందరిలో ఉంది. నిజం వేరేగా ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యానికి సొంత విభాగం వచ్చింది 1894లో. కేంబ్రిడ్జిలో ఆ పరీక్ష మొదలైంది 1917లో. వాటికంటే ఎన్నో సంవత్సరాల ముందే మన దేశంలో విద్యార్థులు షేక్‌స్పియర్, మిల్టన్ చదివి పరీక్షలు రాశారు. ఈ చదువులో మనం నిన్న వచ్చిన చుట్టాలం కాము.

అయితే ఆ చదువు మన మీదికి ఎట్లా వచ్చిందో కూడా మరిచిపోకూడదు. 1835లో మెకాలే తన నివేదిక రాశాడు. తనకు సంస్కృతం గానీ అరబ్బీ గానీ రాదని తానే ఒప్పుకుంటూ, ఆ రెండు భాషల్లో ఉన్న సాహిత్యం మొత్తం యూరప్ పుస్తకాల ఒక్క అరకు సరితూగదని తేల్చేశాడు. త్రాసులో ఒక తట్టలో ఏముందో చూడకుండానే తూకం చెప్పాడు! ఇది తులన కాదు, దౌర్జన్యం.

కానీ ఒక్క మాట అడుగుతాను. మన సభల్లో కొందరు పెద్దలు మైకు పట్టుకుని "మన తెలుగుకు సాటి ఏ భాషా లేదు" అంటారు. మనం చప్పట్లు కొడతాం. తమిళ కావ్యం ఒకటి చదవకుండా, ఇంగ్లీషు నాటకం ఒకటి చదవకుండా ఆ మాట అంటే అది కూడా మెకాలే పనే కదా? తెలుగు మీద నాకు ప్రేమ ఉంది కాబట్టే ఈ మాట అంటున్నాను. పొగడ్తతో భాష బతకదు. పక్కన పెట్టి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

ఇక రెండో మాట: "ఉద్యోగం యాడుంది?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మన అమ్మానాయనలు సిప్కాట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టు పనికి పోతారు, పూల తోటల్లో, మామిడి తోటల్లో కష్టపడతారు. ఫీజు కట్టేవాళ్ళకు అడిగే హక్కు ఉంది. అందుకే అబద్ధం చెప్పను. సాహిత్యం డిగ్రీ చేతికి వచ్చిన మరుసటి రోజే పెద్ద జీతం రాదు. అందరూ ఇదే చదవాలని కూడా నేను అనడం లేదు. కానీ దారులు లేవు అనడం మాత్రం అబద్ధం. బి.ఇడి. చేసి, టెట్ రాసి టీచరు కావచ్చు. ఎం.ఏ. తరువాత నెట్ పరీక్ష రాసి కాలేజీలో చెప్పవచ్చు. ఆ పరీక్షలో ఇంగ్లీషు ఒక సబ్జెక్టు, తులనాత్మక సాహిత్యం ఇంకో సబ్జెక్టు. అనువాదం, పత్రికలు, పుస్తకాల ప్రచురణ, సినిమాలకు సబ్‌టైటిళ్ళు, ఇవన్నీ రెండు మూడు భాషలు బాగా తెలిసినవాళ్ళు చేసే పనులే. సివిల్ సర్వీసు పరీక్షలో ఇంగ్లీషు సాహిత్యమూ తెలుగు సాహిత్యమూ ఐచ్ఛికంగా తీసుకోవచ్చు.

"ఇప్పుడు ఫోనే అనువాదం చేస్తుంది కదా" అంటారు. చేస్తుంది. మాటకు మాట ఇస్తుంది. కానీ ఒక అవ్వ ఆసుపత్రిలో "కడుపులో దేవినట్ల ఉండాది" అంటే ఆ బాధ డాక్టరుకు ఏ మాటలో చెప్పాలో ఎవరు చూస్తారు? తనకు రాని భాషలో ఉన్న కాగితం మీద తాత వేలిముద్ర వేసేటప్పుడు, అందులో ఏముందో ఆయనకు అర్థమయ్యే తెలుగులో చెప్పి, ఫోను చెప్పింది సరా తప్పా అని చూసేది ఎవరు? మా ఊళ్ళో ఒక పెద్దాయన తాను చదవలేని కాగితం మీద సంతకం చేసి తరువాత చాలా తిప్పలు పడ్డాడు. భాషల మధ్య నిలబడగలిగే మనిషి ఊరికి ఒకరైనా కావాలి. అది షోకు కాదు, అక్కర.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. అమ్మాయి ఈ కోర్సు అడిగితే "ఆడపిల్లే కదా, పెళ్ళయ్యేదాకా బి.ఏ. ఇంగ్లీషు చాలు" అంటారు. అబ్బాయి అడిగితే "మొగపిల్లోడివి, బి.ఏ. ఏంది?" అంటారు. అంటే అమ్మాయికి ఇవ్వడంలోనూ గౌరవం లేదు, అబ్బాయికి ఇవ్వకపోవడంలోనూ గౌరవం లేదు. రెండు మాటల్లోనూ అవమానం ఆ చదువుకే. ఇది కాలం గడపడానికి కూర్చునే బెంచీ కాదు. ఎన్నో పుస్తకాలు చదివి, ఆలోచించి, రాసి, వాదించి నిలబడాల్సిన చదువు.

మూడో మాట: "ఇంగ్లీషు చదివితే తెలుగు మరిచిపోతారు."

గురజాడ అప్పారావు గారు మరిచిపోయారా? ఇంగ్లీషులో కవిత్వం రాశారు, కన్యాశుల్కం నాటకానికి ముందుమాట ఇంగ్లీషులోనే రాశారు. నాటకం మాత్రం జనం మాట్లాడే తెలుగులో రాశారు. 1892లో అది మొదటిసారి ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో తిరిగి రాసి వేశారు. అందులో గిరీశం ఇంగ్లీషు ముక్కలు పలికి గొప్ప చూపించుకుంటాడు. ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి కాబట్టే గురజాడ గారు ఇంగ్లీషు డాబును అంత బాగా ఎగతాళి చేయగలిగారు! ఇంగ్లీషుకు భయపడేవాళ్ళు గిరీశాన్ని చూసి చేతులు కట్టుకుంటారు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు గిరీశాన్ని చూసి నవ్వుతారు.

మనకు దగ్గరి చిత్తూరు వైపు చూడండి. కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, "కవిత్వతత్త్వవిచారము" రాశారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని కొత్త కళ్ళతో చదివి చూపించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడు అయ్యారు. కందుకూరి వీరేశలింగం గారు గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల స్ఫూర్తితో రాజశేఖర చరిత్రము రాశారు. ఆ తెలుగు నవలను 1887లో హచిన్‌సన్ అనే ఆయన మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చాడు. ఇంగ్లీషు నుంచి వచ్చిన విత్తనం తెలుగు నేలలో మొలిచి, కాయ మళ్ళీ ఇంగ్లండుకు పోయింది. ఇందులో తెలుగుకు నష్టం ఎక్కడ జరిగింది?

ప్రపంచంలో కూడా ఇట్లాంటి ఆలోచన చేసినవాళ్ళు ఉన్నారు. ఆఫ్రికాలో కెన్యా దేశం నైరోబీ యూనివర్సిటీలో 1968లో గూగీ వా థియాంగో, ఇంకో ఇద్దరు అధ్యాపకులు కలిసి, ఇంగ్లీషు విభాగాన్నే రద్దు చేయాలని రాశారు. ఇంగ్లీషు చదవొద్దని కాదు. నడి ఇంట్లో మన సాహిత్యం ఉండాలి, అక్కడ నిలబడి మిగతా లోకాన్ని చూడాలి అని. తరువాత ఆయన తన తల్లిభాష గికుయులోనే నవలలు రాశారు. నేను రద్దు దాకా పోను. కానీ నడి ఇంట్లో ఎవరు ఉండాలి అనే ప్రశ్న మాత్రం మనది కూడా.

తెలుగును మరిపించేది షేక్‌స్పియర్ కాదు. ఒకటో తరగతిలోనే "తెలుగు ఎందుకులే" అని పిల్లలను తెలుగు బడి మాన్పించడం మరిపిస్తుంది. పదో తరగతి పరీక్ష అయిన రోజే తెలుగు పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేయడం మరిపిస్తుంది. మా అవ్వ చెప్పే కతల్లోని మాటలను "పల్లెటూరి మాటలు" అని వెక్కిరించడం మరిపిస్తుంది. ఈ మూడూ చేస్తూ, తప్పంతా ఇంగ్లీషు మీద వేయడం న్యాయం కాదు.

తమిళం సంగతి కూడా చెప్పాలి. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, తమిళం అందరికీ తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల వాళ్ళు కోర్టుకు కూడా పోయారు. ఆ వాదన పెద్దలు చేస్తారు. విద్యార్థిగా నాది ఒకటే మాట. తమిళం రావడం మనకు లాభమే, నేను సంతోషంగా నేర్చుకుంటాను. దానికి వెలగా తెలుగును ఇచ్చేయమంటే మాత్రం ఒప్పుకోను. పక్క ఇంటికి పోవడానికి సొంత ఇల్లు పడగొట్టుకోనక్కరలేదు.

1956వ సంవత్సరం గుర్తు పెట్టుకోండి. ఆ సంవత్సరం దేశంలో భాషల ప్రకారం రాష్ట్రాల గీతలు గీశారు. మనం గీతకు ఈ పక్కన ఉన్నాం. అదే సంవత్సరం రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది చెప్తుంది. మన బడుల వెనుక ఉన్న బలం అది. అదే 1956లో కలకత్తాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్య విభాగం మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన బుద్ధదేవ బోస్ ఇంగ్లీషు చదివిన మనిషి, బెంగాలీ కవి. ఒక పక్క గీతలు గీస్తూ ఉంటే, ఇంకో పక్క గీతల మీదుగా చూసే చదువు మొదలైంది. గీత మీద బతికే మనకు ఆ చదువు కాక ఇంకేది దగ్గర?

ఆ చదువు అంత దూరంలో కూడా లేదు. కృష్ణగిరి జిల్లా దాటితే కుప్పం. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒక చోట చదివించాలనేదే దాని ఉద్దేశం. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్యానికి ఒక కేంద్రం ఉంది. అక్కడే 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ ఇప్పుడు ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. ఈ పేర్లు పదో తరగతి పిల్లల చెవిన పడాలి. ఇంజనీరింగు కాలేజీల పేర్లు గోడగోడకూ కనపడతాయి, ఈ పేర్లు ఎవరూ గోడ మీద రాయరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చివరగా నలుగురికి నాలుగు విన్నపాలు.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు సాహిత్యం చదువుతామంటే ముందు నవ్వకండి. "ఎందుకు?" అని అడగండి. వాళ్ళు సరిగ్గా జవాబు చెప్పలేకపోతే అప్పుడు వద్దనండి. చెప్పగలిగితే వాళ్ళను నమ్మండి.

గురువులారా! యూనివర్సిటీ దాకా ఆగనక్కరలేదు. నెలకు ఒక్క పీరియడ్ ఇవ్వండి. తెలుగు టీచరు, ఇంగ్లీషు టీచరు, తమిళం టీచరు ముగ్గురూ ఒకే గదిలో ఉండి, ఒకే విషయం మీద మూడు పద్యాలు చెప్పండి. తేడా మేము కనిపెడతాం.

హోసూరు, కృష్ణగిరి కాలేజీల పెద్దలారా! బి.ఏ. ఇంగ్లీషులో ఒక్క పేపరైనా తెలుగు, తమిళం, కన్నడం రచనలను ఇంగ్లీషు రచనల పక్కన పెట్టి చదివేటట్లు చేయండి. మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలు ఉంచండి. మూడు భాషలు కలిసే చోట ఈ పేపరు లేకపోతే ఇంకెక్కడ ఉండాలి?

తోటి విద్యార్థులారా! కాలేజీలో చేరేటప్పుడు ఫీజు ఎంత అని అడగడంతోపాటు "పార్ట్ 1లో తెలుగు ఉందా?" అని కూడా అడగండి. లేదంటే "ఎందుకు లేదు?" అని అడగండి. ఒకరు అడిగితే వినపడదు, పదిమంది అడిగితే రిజిస్టరులో ఎక్కుతుంది. ఈ లోపల అవ్వను అడిగి ఒక కత రాసుకోండి. దాన్ని తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పి చూడండి. ఎక్కడ మాట దొరకక ఆగిపోతారో అక్కడ గీత పెట్టుకోండి. తులనాత్మక సాహిత్యంలో మీ మొదటి పాఠం అదే.

తెలుగు మీడియంలో చదివినందుకు ఇంగ్లీషు సాహిత్యం ముందు మనం తల వంచుకుని నిలబడనక్కరలేదు. మనం ఖాళీ చేతులతో పోవడం లేదు. ఒక చేతిలో వేమన ఉన్నాడు, ఇంకో చేతిలో వళ్ళువర్ ఉన్నాడు. వాళ్ళను గేటు బయట వదిలి రమ్మంటే మాత్రం, ఆ గేటు దగ్గరే నిలబడి వాదిద్దాం.

— పదో తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం